పసరుకూ ఓ లెక్కుంది

దగ్గుకు తులసి, అజీర్తికి వాము, షుగర్‌కు మెంతులు, కామెర్లకు నేల ఉసిరి... ఈ చిట్కాలు ఒకప్పుడు అమ్మమ్మలు చెప్పేవారు. ఇప్పుడు సెల్‌ఫోన్లు చెబుతున్నాయి. ఆకు అదే. మోతాదు, వాడే రోజులు, దానితోపాటు మింగే మాత్రలు మాత్రం అవి కావు. మేలు ఎంతవరకు, ముప్పు ఎక్కడి నుంచి అని అడగాల్సింది అందుకే.

2020లో కరోనా మొదలయ్యాక తెలుగు ఊళ్లలో తిప్పతీగకు ఎక్కడలేని గిరాకీ వచ్చింది. వేపచెట్ల మీద, పాడుబడ్డ ప్రహరీల మీద, ఊరి చివరి డొంకల్లో తన మానాన తాను పాకే తీగ అది. ముక్క కోసి గోడమీద పడేసినా దారాల్లాంటి వేళ్లు దించుకుని బతికేస్తుంది. జ్వరం ఎంతకూ వదలకపోతే దాని కాండం దంచి, కషాయం కాచి, నాలుగు రోజులు ఇవ్వడం పాత ఆనవాయితీ. కరోనా కాలంలో ఆ ఆనవాయితీ తలకిందులైంది. జ్వరం లేనివాళ్లు, ఏ జబ్బూ లేనివాళ్లు, రోగనిరోధక శక్తి పెరుగుతుందని రోజూ పరగడుపున తాగడం మొదలుపెట్టారు. కోసుకొచ్చే తీరిక లేనివాళ్లు సీసాల్లో రసం, డబ్బాల్లో మాత్రలు కొన్నారు. వారాలు నెలలయ్యాయి.

ఆ ఏడాది సెప్టెంబరు, డిసెంబరు నెలల మధ్య ముంబయిలో ఒక ఆసుపత్రి కాలేయ నిపుణుల దగ్గరికి ఆరుగురు రోగులు వచ్చారు. కాలేయం దెబ్బతింది. కారణం వెతికితే అందరిలో ఉమ్మడిగా కనిపించింది తిప్పతీగ వాడకం. 2021లో ఆ వివరాలు వైద్య పత్రికలో అచ్చయ్యాయి. కేంద్ర ఆయుష్ మంత్రిత్వ శాఖ గట్టిగా ఖండించింది. తిప్పతీగను పోలిన మరో తీగ ఉందని, దాన్ని పొరపాటున వాడి ఉండొచ్చని, శతాబ్దాలుగా వాడుతున్న మందుకు చెడ్డపేరు తేవద్దని చెప్పింది. 2022లో మరో అధ్యయనం వచ్చింది. హైదరాబాద్ సహా దేశంలోని 13 వైద్య కేంద్రాల్లో గుర్తించిన 43 మంది వివరాలవి. వాడకం మొదలుపెట్టిన దాదాపు నెలన్నరకు లక్షణాలు బయటపడ్డాయి. చాలామందిలో కనిపించింది ఒక ప్రత్యేకమైన తీరు: శరీరపు రక్షణ వ్యవస్థే తిరగబడి సొంత కాలేయాన్ని దెబ్బతీయడం. అంతకుముందే కాలేయ జబ్బు ఉన్నవాళ్లలో పరిస్థితి మరీ విషమించింది. కొందరు చనిపోయారు.

తిప్పతీగ తాగినవాళ్లు దేశంలో కోట్లలో ఉంటారు. వాళ్లలో అత్యధికులకు ఏమీ కాలేదు. కాబట్టి దాన్ని విషం అనడం అన్యాయం. అలాగని ఆ 43 మందిని పక్కకు నెట్టేయడమూ అన్యాయమే. రోగనిరోధక శక్తిని రెచ్చగొట్టే గుణం నిజంగా ఉన్న మూలిక, ఆ శక్తి అప్పటికే దారి తప్పి ఉన్న మనిషిలో కీడు చేస్తుందంటే ఆశ్చర్యం ఎందుకు? మందుకు గుణం ఉందని ఒప్పుకొన్నాక దోషం ఉండదని ఎలా అనగలం? మన పాత వైద్యులు ఆ మాట ఎప్పుడూ అనలేదు. ‘ఆయుర్వేదం కదా, సైడ్ ఎఫెక్టులు ఉండవు’ అన్నది వాళ్ల మాట కాదు, వ్యాపార ప్రకటనలు మన నాలుక మీద పెట్టిన మాట.

పనిచేసేవి నిజంగా పనిచేస్తాయి

ముందు మేలు గురించి మాట్లాడుకోవాలి. ఎందుకంటే మూలికలన్నీ మూఢనమ్మకాలే అనే డాక్టర్లూ ఉన్నారు. వాళ్ల మాటా నిజం కాదు.

మెంతుల సంగతే తీసుకోండి. షుగర్‌కు మెంతులు మంచివన్న మన ఇళ్లలోని మాటను హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు పరీక్షకు పెట్టారు. 1990లో వెలువడిన వాళ్ల అధ్యయనంలో నూనె తీసేసిన మెంతిపిండిని రోజుకు 100 గ్రాముల చొప్పున మధ్యాహ్నం, రాత్రి భోజనాల్లో కలిపి పెట్టారు. రక్తంలో చక్కెర తగ్గింది, కొలెస్ట్రాల్ కూడా తగ్గింది. మెంతి గింజలో జిగురుగా సాగే పీచు ఉంటుంది. అన్నంలోని పిండిపదార్థం చక్కెరగా మారి రక్తంలో కలిసే వేగాన్ని అది తగ్గిస్తుంది. మనం రాత్రి నానబెట్టి పొద్దున తినే చెంచాడు మెంతులు నాలుగైదు గ్రాములు. అక్కడ ఇచ్చింది 100 గ్రాములు. చెంచాడు మెంతులు కొంత మేలు చేయొచ్చు. వాటిని నమ్ముకుని షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ ఆపేయడం మాత్రం కళ్లను, మూత్రపిండాలను పణంగా పెట్టడమే. పైగా మెట్‌ఫార్మిన్‌కు కూడా మూలం ఒక మొక్కే. ఐరోపాలో పెరిగే గలేగా అనే చిక్కుడు జాతి మొక్కలోని పదార్థం మీద జరిగిన పరిశోధనలే దానికి దారితీశాయి.

వేవిళ్లతో సతమతమయ్యే గర్భిణికి కాస్త అల్లం ఇస్తే వికారం తగ్గుతుందని పలు పరీక్షల్లో తేలింది. ఇసబ్‌గోల్ మలబద్ధకానికి, చెడు కొలెస్ట్రాల్‌కు పనిచేస్తుంది. కాకపోతే పెద్ద గ్లాసుడు నీళ్లతో తీసుకోవాలి, లేకపోతే గొంతులోనో పేగులోనో ఉబ్బి అడ్డుపడుతుంది. సునాముఖి, అదే మన నేలతంగేడు, ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలోనే ఉంది. పంటి నొప్పికి లవంగ నూనె సంగతి సరేసరి.

వీటన్నిటికన్నా తెలుసుకోవాల్సిన కథ సర్పగంధది. ఈ వేరును మన దేశంలో పిచ్చికీ, నిద్ర పట్టకపోవడానికీ తరతరాలుగా వాడారు. 1931లో కలకత్తా వైద్యులిద్దరు దీనికి రక్తపోటు తగ్గించే గుణం ఉందని రాశారు. 1949లో బొంబాయి గుండె వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ తన రోగుల అనుభవాన్ని బ్రిటిష్ వైద్య పత్రికలో ప్రచురించాక ప్రపంచం ఇటు చూసింది. 1952లో స్విట్జర్లాండ్ శాస్త్రవేత్తలు ఆ వేరులోంచి రిసర్పిన్ అనే పదార్థాన్ని వేరుచేశారు. బీపీకి సరైన మాత్రే లేని రోజులవి. లక్షల మందికి అది ప్రాణదానమైంది. కొన్నేళ్లకు మరో సంగతి బయటపడింది. వాడిన కొందరిని తీవ్రమైన దిగులు కమ్మేస్తోంది. మోతాదు తగ్గించాల్సి వచ్చింది, మంచి మందులు వచ్చాక వాడకమే తగ్గిపోయింది. మన నేలలో పుట్టి ప్రపంచమంతా గెలిచిన ఈ వేరు చరిత్రలో మేలూ, కీడూ రెండూ ఉన్నాయి. అంత బలమైన మందు కాబట్టే అంత జాగ్రత్త కావాల్సి వచ్చింది.

పప్పులో పసుపు, మాత్రలో పసుపు

పసుపు మీద మన హక్కును నిలబెట్టుకోవడానికి దేశం పోరాడాల్సి వచ్చింది. గాయం మాన్పే గుణం తాము కనిపెట్టామంటూ 1995లో అమెరికాలో ఒక విశ్వవిద్యాలయ వైద్య కేంద్రం పేటెంటు పొందింది. మన శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి పాత గ్రంథాలు సాక్ష్యంగా చూపి సవాలు చేస్తే 1997లో అది రద్దయింది. ఆ గెలుపు గర్వించదగ్గదే. అయితే ఆ తర్వాత జరిగింది కూడా తెలుసుకోవాలి.

పసుపులో పనిచేసే ముఖ్య పదార్థం కర్క్యుమిన్. మామూలు పసుపు కొమ్ములో అది నూటికి మూడు పాళ్ల దాకా ఉంటుంది. తిన్నదాంట్లో రక్తంలోకి చేరేది చాలా స్వల్పం. 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాల పరిశోధకులు ఒక ఉపాయం చూపించారు. మిరియాల్లోని పైపరిన్‌ను తోడు చేస్తే రక్తంలోకి చేరే కర్క్యుమిన్ ఎన్నో రెట్లు పెరిగింది. కంపెనీలు ఆ ఉపాయాన్ని అందుకున్నాయి. ఈ రోజు మార్కెట్లో దొరికే పసుపు క్యాప్సూళ్లలో చాలావాటిలో సాంద్రం చేసిన కర్క్యుమిన్, దానికి తోడు మిరియాల సారం ఉంటాయి. 2022లో అమెరికా, ఇటలీ రెండు చోట్లా ఇలాంటి క్యాప్సూళ్ల వల్ల కాలేయం దెబ్బతిన్న కేసులు వెలుగులోకి వచ్చాయి. అమెరికా రోగుల్లో చాలామందికి ఒకే రకమైన జన్యు లక్షణం ఉన్నట్టు తేలింది. ఎవరికి ఆ లక్షణం ఉందో ముందే తెలిసే దారి మామూలు మనిషికి లేదు.

పప్పులో చిటికెడు పసుపు వేసుకున్నంత మాత్రాన ఎవరి కాలేయానికీ ఏమీ కాదు. రాత్రి పూట పసుపు, మిరియాలు వేసిన పాలు తాగినా ఏమీ కాదు. శరీరం లోపలికి రానివ్వకుండా ఆపుతున్న పదార్థాన్ని బలవంతంగా లోపలికి నెట్టి, అదీ నెలల తరబడి నెట్టి, ‘వంటింటి పసుపే కదా’ అనుకోవడం దగ్గర ఉంది చిక్కంతా. అశ్వగంధదీ ఇదే దారి. పాలలో కలిపి కొద్దిగా ఇచ్చే వేరు పొడి ఇప్పుడు సాంద్రీకరించిన సారంగా, ఒత్తిడి తగ్గించే మాత్రగా ప్రపంచమంతా అమ్ముడవుతోంది. దాని వల్ల కాలేయం దెబ్బతిన్న కేసులు ఐస్‌లాండ్, అమెరికా వైద్యులు నమోదు చేశారు. థైరాయిడ్ హార్మోన్లను పెంచే గుణం కూడా దానికి ఉంది. 2023లో డెన్మార్క్ దాన్ని నిషేధించింది. ఆ నిషేధం అతి అని నా అభిప్రాయం. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు డాక్టర్‌తో చెప్పకుండా అశ్వగంధ మొదలుపెట్టడం మాత్రం అంతకన్నా తప్పు.

రసాలతో మరో ఇబ్బంది ఉంది. పొద్దున్నే పార్కుల దగ్గర గ్లాసుల్లో పోసి అమ్మే సొరకాయ రసం చేదుగా ఉంటే ఒక్క గుక్క కూడా తాగకూడదు. చేదు సొరకాయలో ఉండే కుకుర్బిటాసిన్లు పేగుల్లో రక్తస్రావం తెచ్చి, రక్తపోటును పడగొట్టి ప్రాణం తీయగలవు. 2010లో ఢిల్లీలో అలా ఒకరు చనిపోయాక భారత వైద్య పరిశోధన మండలి నిపుణుల కమిటీ వేసి, చేదు రసం తాగొద్దని హెచ్చరించింది. చేదుగా ఉంటేనే మందు అనే మన నమ్మకం ఇక్కడ ప్రాణాంతకం. కలబంద కూడా అంతే. లోపలి తెల్లటి గుజ్జు వేరు, తొక్క కింద కారే పసుపుపచ్చని పాలు వేరు. ఆ పాలు ఎండబెడితే వచ్చేదే ముసాంబ్రం. అది తీవ్రమైన విరేచనకారి. ఇంట్లో రసం తీసుకునేవాళ్లు ఆకును అడ్డంగా కోసి, నిలబెట్టి, ఆ పాలు పూర్తిగా కారిపోయాక కడిగి వాడాలి. ఈ చిన్న పని చెప్పకుండా కలబంద గొప్పతనం చెప్పే వీడియోలు బోలెడు.

కామెర్ల పసరు, డెంగీ పసరు

కామెర్లకు పసరు పోయని మండలం తెలుగు నేల మీద బహుశా లేదు. ఆదివారం తెల్లవారకముందే వెళ్లాలి, ఉప్పూ కారం మానాలి, మూడు వారాలు పోయించుకోవాలి. చాలామందికి తగ్గుతుంది. పసరు పోసేవాళ్లలో చాలామంది డబ్బు కూడా తీసుకోరు. వాళ్ల మంచితనాన్ని తక్కువ చేయడానికి లేదు. కానీ ఎందుకు తగ్గుతుందో తెలియాలి. మన దగ్గర కామెర్లకు ఎక్కువగా కారణమయ్యేవి కలుషిత నీటితో వచ్చే హెపటైటిస్ ఎ, ఇ వైరస్‌లు. ఆరోగ్యంగా ఉన్న మనిషిలో ఇవి నాలుగు నుంచి ఆరు వారాల్లో వాటంతటవే తగ్గిపోతాయి. పసరు పోసినా తగ్గుతాయి, పోయకున్నా తగ్గుతాయి.

తగ్గనివి వేరే ఉన్నాయి. పిత్తనాళంలో రాయి అడ్డుపడినా కళ్లు పచ్చబడతాయి. హెపటైటిస్ బి, ఎలుకల మూత్రంతో వచ్చే లెప్టోస్పైరోసిస్, క్యాన్సర్... అన్నిటికీ పైకి కనిపించేది ఒకటే పసుపు రంగు. మూడు వారాల పసరు, పథ్యం అయ్యేసరికి చికిత్సకు పనికొచ్చే కాలం దాటిపోతుంది. నిండు గర్భిణికి హెపటైటిస్ ఇ సోకితే నూటికి ఇరవై మంది దాకా చనిపోయే ప్రమాదం ఉంది. గర్భిణి కళ్లు పచ్చబడితే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. ఇందులో రెండో మాట లేదు. మణికట్టు మీద వాతలు పెట్టడం, ముక్కులో కంట్లో పసరు పిండటం అయితే ఏ రకమైన కామెర్లకూ మందు కాదు, కొత్త గాయం.

నేల ఉసిరి గురించి ఒకప్పుడు నిజంగానే ఆశ పుట్టింది. 1988లో మద్రాసు పరిశోధకులు ‘లాన్సెట్‌’లో ఒక అధ్యయనం ప్రచురించారు. హెపటైటిస్ బి వైరస్‌ను మోస్తున్న 37 మందికి నేల ఉసిరి పొడి ఇస్తే 22 మంది రక్తంలో దాని జాడ పోయిందని అందులో ఉంది. ప్రపంచం ఉలిక్కిపడింది. అనేక దేశాల్లో మళ్లీ పరీక్షించారు. ఆ ఫలితం మళ్లీ రాలేదు. ఒక మూలికకు న్యాయంగా పరీక్ష పెట్టడమంటే ఇదే. మొదటి వార్త మన ఊళ్లకు చేరింది, తర్వాతి వార్తలు చేరలేదు.

వానాకాలం వస్తే బొప్పాయి ఆకు రసం వంతు. డెంగీలో ప్లేట్‌లెట్లు పెరుగుతాయని వాడతారు. 2013లో మలేషియాలో 228 మంది మీద జరిగిన పరీక్షలో కొంత పెరుగుదల కనిపించిన మాట నిజమే. అయితే డెంగీలో ప్రాణం తీసేది ప్లేట్‌లెట్ల సంఖ్య ఒక్కటే కాదు. రక్తనాళాల నుంచి ద్రవం బయటికి కారిపోయి రక్తపోటు పడిపోవడం అసలు ప్రమాదం. అది జరిగేది జ్వరం తగ్గుతున్న రోజుల్లోనే. కడుపునొప్పి, ఆగని వాంతులు, చల్లబడ్డ చేతులు, మత్తు కనిపిస్తే కావాల్సింది సెలైన్, పర్యవేక్షణ. బొప్పాయి రసం తాగించాం కదా అని ఆ రోజు ఇంట్లో ఉండిపోవడం వల్లే మనుషులు పోతున్నారు. ఆ చేదు రసం కడుపులో తిప్పి వాంతులు తెస్తే, అవి జబ్బు వాంతులో, రసం వాంతులో డాక్టర్‌కు కూడా తెలియదు.

2021 మే నెలలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నానికి వేలమంది పరుగెత్తారు. ఆక్సిజన్ దొరకని ఆ రోజుల్లో ఆనందయ్య అనే నాటువైద్యుడు కరోనాకు ఇస్తున్న మందు కోసం వచ్చినవాళ్లను తప్పుపట్టలేం. ప్రభుత్వం పంపిణీ ఆపించి, ఆయుష్ నిపుణులతో చూపించి, కంట్లో వేసే చుక్కలను మినహాయించి మిగతావాటికి అనుమతి ఇచ్చింది. హాని లేదనడం ఒక సంగతి, జబ్బును నయం చేస్తుందనడం మరో సంగతి. ఆ రెండూ ఆ నెలలో జనం మనసుల్లో ఒకటైపోయాయి.

పసివాళ్ల దగ్గర ఏ చిట్కా వద్దు

ఈ ఒక్క విషయంలో నేను మెత్తగా చెప్పదలచుకోలేదు. పుట్టిన బిడ్డకు ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప ఏమీ పోయకూడదు. మాటలు త్వరగా రావాలని వసకొమ్ము అరగదీసి, తేనెలో కలిపి నాలుక మీద రాస్తారు. వసలోని అసరోన్ అనే పదార్థం జంతువుల్లో క్యాన్సర్ తెస్తుందని తేలడంతో 1968లోనే అమెరికా దాన్ని ఆహారంలో నిషేధించింది. తేనె సంగతి ఇంకా తక్షణ ప్రమాదం. ఏడాది లోపు పిల్లల పేగుల్లో తేనెలోని ఒక రకం బ్యాక్టీరియా బీజాలు మొలకెత్తి, కండరాలను చచ్చుబరిచే విషాన్ని తయారుచేయగలవు. ముక్కులో, నోట్లో ఆముదమో, మరో నూనెచుక్కో వేస్తే అది ఊపిరితిత్తుల్లోకి జారి మందులకు లొంగని న్యుమోనియా తెస్తుంది. నులిపురుగులకని చెంచాతో తాగించిన వేపనూనె వల్ల మలేషియాలో పిల్లలకు ఫిట్స్ వచ్చి, మెదడు వాచి, ప్రాణాల మీదికి వచ్చిన కేసులు 1980ల్లోనే వైద్య పత్రికలకెక్కాయి.

కర్పూరం దేవుడి గదిలో ఉండాలి. కరోనాలో కర్పూరం, లవంగాలు, వాము మూటగట్టి పీలిస్తే ఆక్సిజన్ పెరుగుతుందన్న సందేశం ఇంటింటికీ చేరింది. ఆక్సిజన్ పెరగదు. ముక్కు తెరుచుకున్నట్టు అనిపిస్తుంది, అంతే. పాకే పిల్లాడు ఆ బిళ్ల నోట్లో పెట్టుకుంటే నిమిషాల్లో ఫిట్స్ వస్తాయి. చాలా కొద్ది మోతాదే ప్రాణం తీయగలదు.

బాలింతకు శొంఠి, మిరియాలు, వెల్లుల్లి, నెయ్యి పెట్టడం వేరే సంగతి. అది ఆహారం. కాయం పేరుతో పెట్టే ఉండల్లో ఏమేం కలిపారో తెలుసుకుని, బీపీ ఉన్న బాలింతకైతే డాక్టర్‌ను అడిగి పెట్టడం మంచిది.

పక్కన ఏ మాత్ర ఉంది?

అమ్మమ్మల కాలంలో మూలిక ఒంటరిగా కడుపులోకి వెళ్లేది. ఇప్పుడు అరవై దాటిన మనిషి కడుపులో బీపీ మాత్ర, షుగర్ మాత్ర, రక్తం పలుచన చేసే మాత్ర అప్పటికే ఉంటాయి. గుండె కవాటం మార్పించుకుని రక్తం పలుచన చేసే మందు వాడే మనిషికి మోతాదు కొంచెం అటూఇటూ అయినా ప్రమాదమే. న్యూజిలాండ్‌లో అలాంటి మందు వాడుతున్న ఒక రోగి పసుపు మాత్రలు మొదలుపెట్టాడు. రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని చెప్పే, రెండు, మూడు మధ్య ఉండాల్సిన ఐఎన్‌ఆర్ పది దాటిపోయింది. ఎప్పుడైనా రక్తస్రావం కావొచ్చనే స్థితి అది. వెల్లుల్లి, అల్లం మాత్రలదీ అదే వరస. శస్త్రచికిత్స ఉంటే కనీసం రెండు వారాల ముందు ఇలాంటివన్నీ ఆపాలని మత్తు వైద్యులు చెబుతారు.

గొంతు బాగుండాలని బుగ్గన పెట్టుకునే అతిమధురం ముక్క మంచిదే, ఒకటి రెండు రోజులకు. దానిలోని గ్లైసిరైజిన్ శరీరంలో ఉప్పును పట్టి ఉంచి, పొటాషియాన్ని బయటికి పంపేస్తుంది. బీపీ పెరుగుతుంది, గుండె లయ తప్పుతుంది. అమెరికాలోని మసాచుసెట్స్‌లో 54 ఏళ్ల మనిషి అతిమధురంతో చేసిన నల్లటి మిఠాయి కొన్ని వారాల పాటు రోజూ ఒక ప్యాకెట్‌కు పైగా తిని, పొటాషియం పడిపోయి, గుండె ఆగి చనిపోయాడు. 2020లో వైద్య పత్రికలు ఆ కేసును వివరంగా రాశాయి. బీపీకి ఒంట్లోని నీరు తీసే మాత్ర వాడేవాళ్లకు పొటాషియం అప్పటికే తక్కువగా ఉండొచ్చు. వాళ్లు అతిమధురం పొడి రోజూ వాడకూడదు.

ఇందులో తప్పు రోగులదే అనను. ‘ఆకులు, పసర్లు ఏమైనా వాడుతున్నారా?’ అని మామూలు గొంతుతో అడిగే డాక్టర్లు తక్కువ. అడిగినా కసురుకుంటారేమో అని జనం దాచుకుంటారు. దాచుకున్న ఆ ఒక్క మాట వల్ల కాలేయం ఎందుకు పాడైందో తెలియక పరీక్షల మీద పరీక్షలు రాస్తారు. తిట్టకుండా అడగడం వైద్యంలో భాగమే.

డబ్బాలో ఏముందో

కీళ్లనొప్పులకు తెల్లకాగితంలో పొట్లం కట్టి ఇచ్చే పొడి రెండో రోజుకే అద్భుతంగా పనిచేస్తే అనుమానించాలి. మూలికలు అంత వేగంగా పనిచేయడం అరుదు. ఇలాంటి పొడుల్లో స్టెరాయిడ్లు, నొప్పి మాత్రల పొడి కలిపిన సందర్భాలు ఎన్నో బయటపడ్డాయి. షుగర్ పొడుల్లో షుగర్ మాత్రలే కలిపిన సందర్భాలూ ఉన్నాయి. స్టెరాయిడ్లు కలిసిన పొడిని నెలల తరబడి వాడితే మొహం గుండ్రంగా ఉబ్బుతుంది, ఎముకలు పెళుసవుతాయి, షుగర్ పెరుగుతుంది. ఒక్కసారిగా ఆపితే ఇంకా ప్రమాదం, ఎందుకంటే శరీరం తన సొంత స్టెరాయిడ్ తయారీ అప్పటికే మానేసి ఉంటుంది. అలాంటి పొడి వాడుతున్నామన్న అనుమానం వస్తే దాన్ని వెంట తీసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

రెండోది లోహాలు. 2004లో అమెరికాలోని బోస్టన్ ప్రాంతంలో మన కిరాణా దుకాణాల్లో అమ్మే 70 ఆయుర్వేద ఉత్పత్తులను పరీక్షిస్తే 14 ఉత్పత్తుల్లో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి ఉంది. 2011, 2012 సంవత్సరాల్లో న్యూయార్క్‌లో ఆరుగురు గర్భిణుల రక్తంలో సీసం ఎక్కువగా కనిపించింది. ఆరా తీస్తే భారత్‌లో తయారైన మందులు తేలాయి. పిల్లలు పుట్టాలని, మగబిడ్డ కావాలని మందులు పంపే అత్తమామలు, సూట్‌కేసులో చూర్ణాలు సర్దే అమ్మానాన్నలు మన ఇళ్లలోనూ ఉన్నారు. సీసం తల్లి నుంచి బిడ్డ మెదడుకు చేరుతుంది. లోహాలతో చేసే భస్మాలను శుద్ధి చేసే పద్ధతులు ఆయుర్వేదంలోని రసశాస్త్రంలో ఉన్నాయి. ఆ శుద్ధి నిజంగా జరిగిందో లేదో డబ్బా చూసి ఎవరూ చెప్పలేరు.

మూడోది మూలిక మారిపోవడం. 1990ల మొదట్లో బెల్జియం రాజధాని బ్రస్సెల్స్‌లో ఒళ్లు తగ్గించే క్లినిక్ ఒకటి చైనా మూలికలు ఇచ్చింది. అందులో ఒక మూలిక స్థానంలో పేరు పోలిక ఉన్న మరో మూలిక వచ్చి చేరింది. వందమందికి పైగా స్త్రీల మూత్రపిండాలు పాడయ్యాయి. తర్వాత కొందరికి మూత్రనాళ క్యాన్సర్ వచ్చింది. కారణం అరిస్టోలోకిక్ ఆమ్లం. ఆ ఆమ్లం ఉన్న కుటుంబానికి చెందినవే మన ఈశ్వరి, గాడిదగడపాకు. పాము కాటుకని, నులిపురుగులకని వీటిని పల్లెల్లో ఇప్పటికీ వాడతారు. వీటి హాని వెంటనే కనిపించదు, ఏళ్ల తర్వాత బయటపడుతుంది. అందుకే ఏ నాటువైద్యుడి అనుభవమూ దాన్ని పట్టుకోలేదు. ఇక పాము కాటుకు విరుగుడు ఇంజెక్షన్ ఒక్కటే మందు, అది ప్రభుత్వ ఆసుపత్రుల్లో దొరుకుతుంది.

ఆయుర్వేదంలోనే విషద్రవ్యాల పట్టిక ఉందని చాలామందికి తెలియదు. ఉమ్మెత్త, గన్నేరు, గురివింద, జీడిగింజ, విషముష్టి, నాభి వంటి పేర్లతో మన ఔషధ చట్టపు నిబంధనల్లో ఈ-1 అనే షెడ్యూలే ఉంది. వీటితో చేసిన మందు మీద వైద్యుల పర్యవేక్షణలో వాడాలన్న హెచ్చరిక ముద్రించాలి. మరోవైపు, పాత గ్రంథాల్లో ఉన్న యోగాన్ని అలాగే తయారుచేస్తే కొత్తగా మనుషుల మీద పరీక్షించి చూపాల్సిన పని కంపెనీకి లేదు. షుగర్ పూర్తిగా నయం చేస్తాం, క్యాన్సర్ పోగొడతాం అంటూ ప్రకటించడాన్ని 1954 నాటి చట్టమే నిషేధించింది. ఆ ప్రకటనలు ఇప్పటికీ టీవీల్లో, గోడల మీద, ఫోన్లలో వస్తూనే ఉన్నాయి. ఆ చట్టాన్ని అమలు చేయాల్సింది రాష్ట్రాల ఔషధ నియంత్రణ అధికారులు. వాళ్లను నిలదీసి అడగాల్సింది మనం.

కొనేటప్పుడు డబ్బా మీద తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ, ఏ మూలిక ఎన్ని మిల్లీగ్రాములన్న వివరం ఉన్నాయో లేదో చూడండి. ‘రహస్య యోగం’ అని రాసి ఉంటే అక్కడే పెట్టేసి రండి. కాలేయం, మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు, బిడ్డకు పాలిచ్చే తల్లులు సొంతంగా ఏ మూలిక మాత్రా మొదలుపెట్టొద్దు. జలుబు, అజీర్తి లాంటి చిన్న బాధకు వంటింటి మోతాదులో మూడు నాలుగు రోజులు వాడి, తగ్గకపోతే వైద్యుడి దగ్గరికి వెళ్లండి. ఆయుర్వేదం మీద నమ్మకం ఉంటే చదువుకుని పట్టా పొందిన ఆయుర్వేద వైద్యుడి దగ్గరికే వెళ్లండి. ఆయనకూ మీ అల్లోపతి చీటీ చూపించండి.

ఏదైనా మూలిక మందు వాడాక మూత్రం ముదురు పసుపుగా మారినా, ఒళ్లంతా దురదపెట్టినా, తిండి చూస్తేనే వికారమొచ్చినా మందు ఆపి అదే రోజు కాలేయ పరీక్ష చేయించుకోవాలి. మిగిలిన మందును, సీసాను పారేయొద్దు. అందులో ఏముందో తేల్చాలంటే కావాల్సింది అదే. మందుల దుష్ఫలితాలను నమోదు చేసే జాతీయ కార్యక్రమానికి 1800-180-3024 అనే ఉచిత ఫోన్ నంబరు ఉంది. డాక్టరే చెప్పాలని లేదు, రోగి, ఇంట్లోవాళ్లు కూడా ఫోన్ చేసి చెప్పొచ్చు. ఆయుష్ మందుల కోసం 2018 నుంచి ప్రత్యేకంగా ఇలాంటి నమోదు కేంద్రాలు పనిచేస్తున్నాయి. మందు పేరు, బ్యాచ్ నంబరు, ఎన్నాళ్లు వాడారు, పక్కన ఏ మాత్రలు వేసుకున్నారు అన్న వివరాలు దగ్గర పెట్టుకుని చెబితే చాలు.